నీళ్లొచ్చినయి.. ఈత రావాలె!

డర్బన్‌లో అలలెక్కి ఆడే మిత్రుడు సెలవులకు సొంత జిల్లాకు వచ్చాడు. శని, ఆదివారాలు కృష్ణ వెంట తిరుగుదామన్నాడు. జూరాల నుంచి సోమశిల దాకా సాగిన ఆ ప్రయాణంలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నది కొత్తగా కనిపించింది. దాంతోపాటు ఓ పెద్ద లోటూ కనిపించింది.

పాలమూరోళ్లకు సముద్రం దూరపు చుట్టం. గద్వాల నుంచి తూర్పుకు పోయినా, పడమరకు పోయినా ఓ రాత్రంతా బండిలో కూర్చుంటే తప్ప ఉప్పునీళ్లు కంటపడవు. అలాంటి నేల మీద పుట్టి, మోటబావిలో ఈత నేర్చి, ఉద్యోగానికి దక్షిణాఫ్రికా పోయినవాడు అక్కడ పలక మీద నిలబడి అలలెక్కుతున్నాడంటే ఊళ్లో సగం మంది నమ్మలేదు. మిగతా సగం ఫొటోలు చూశాక నమ్మారు. వాడూ నేనూ గద్వాలలో ఒకే బెంచీ మీద చదువుకున్నాం. సెలవులకు వచ్చినప్పుడల్లా "డర్బన్ రారా, నీకు గూడ అలెక్కుడు నేర్పుత" అనేవాడు. ఈసారి మాట మార్చాడు. "నువ్వెట్లాగూ రావు. మన కృష్ణ మీదనే తిరుగుదాం పా. నీళ్లెట్లున్నయో జూస్త" అన్నాడు.

అప్పుడే చలికాలం మొదలైంది. వరద తగ్గి, జలాశయాలు నిండుగా ఉండి, నది నిదానంగా నడిచే రోజులివి. కృష్ణ మీద తిరగాలనుకునేవాళ్లకు ఇదే అదను. మహాబలేశ్వరం దగ్గర పుట్టి సుమారు 1,400 కిలోమీటర్లు నడిచే ఈ నది నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. భీమా వచ్చి కలిసేదీ అక్కడే. కొంతదూరం గద్వాల, వనపర్తి జిల్లాలకు హద్దుగా సాగి, ఆపైన నాగర్‌కర్నూల్ జిల్లాకూ రాయలసీమకూ నడుమ పారుతూ నల్లమలలోకి దూరుతుంది. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్‌ను విడగొట్టినప్పుడు ఈ మూడూ వేరు జిల్లాలయ్యాయి. నది మాత్రం మూడింటికీ ఉమ్మడి ఆస్తే.

తలుపుల కింద నురగ

తొలి మజిలీ జూరాల. ఆనకట్టకు ఒక కొస గద్వాల జిల్లా రేవులపల్లి, మరో కొస వనపర్తి జిల్లా నందిమల్ల. 1981లో పునాదిరాయి పడి, తొంభైలలో పూర్తయిన ఈ ప్రాజెక్టు కింద సుమారు లక్ష ఎకరాల ఆయకట్టు ఉంది. ఎగువ జూరాలలో 234, దిగువ జూరాలలో 240 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. వానాకాలంలో గేట్లు ఎత్తారంటే చాలు, మూడు జిల్లాల జనం బండ్లు కట్టుకుని వస్తారు. మేం పోయేసరికి గేట్లు దించి ఉన్నాయి. కరెంటు కేంద్రం నుంచి వదిలిన నీళ్లు మాత్రం తెల్లగా నురగ కక్కుతూ పరుగెడుతున్నాయి.

ఆ నురగను చూసి "ఈడ పలకేసి ఎక్కొచ్చేమో గదా" అన్నాను. వాడు నవ్వలేదు. రెయిలింగ్ మీద చేతులాన్చి చాలాసేపు నీళ్లనే చూశాడు. "ఇది అల గాదురా, గుంజుడు. ఇండ్ల దిగితే నా అసొంటోడు గూడ బయటికి రాడు" అన్నాడు.

వాడు విడమరిచి చెప్పిన సంగతి ఇది. సముద్రంలో అల పుట్టేది గాలితో. వేల కిలోమీటర్ల అవతల, దక్షిణ సముద్రాల్లో లేచిన తుఫాను నీటిని కదిలిస్తుంది. ఆ కదలిక ప్రయాణం చేస్తుంది కానీ నీళ్లు ప్రయాణం చేయవు, ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతాయి. తీరం దగ్గర లోతు తగ్గేసరికి ఆ కదలిక అడుగు తాకి, పైకి లేచి, ముందుకు విరిగి పడుతుంది. విరిగే ముందు ఏర్పడే ఏటవాలు మీద జారడమే సర్ఫింగ్. నదిలో లెక్క తిరగబడుతుంది. నీళ్లు పరుగెడతాయి, అల ఉన్నచోటే నిలబడుతుంది. అలా నిలిచిన అలల మీద ఆడేవాళ్లూ ఉన్నారు. జర్మనీలోని మ్యూనిక్ నగరం నడుమ పారే ఐస్‌బాఖ్ కాలువలో దశాబ్దాలపాటు సర్ఫింగ్ చేశారు. ఆఫ్రికాలో విక్టోరియా జలపాతం దిగువన జాంబెజీ నది మీదా చేశారు.

ఆనకట్ట కింది నీళ్లు వేరు. ఎత్తు నుంచి పడ్డ నీరు అడుగుకు పోయి, మళ్లీ పైకి లేచి, వెనక్కి ఆనకట్ట వైపే తిరుగుతుంది. అందులో చిక్కినవాణ్ని తిప్పి తిప్పి ముంచుతుంది. పైగా నురగలో సగం గాలే కాబట్టి మనిషిని తేల్చే బలం ఆ నీటికి ఉండదు. పైనుంచి చూస్తే అందంగా కనిపించే ఈ చోటే నది మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. గేట్ల దిగువన బండల మీదికెక్కి సెల్ఫీలు దిగే కుర్రాళ్లకు ఈ సంగతి చెప్పే బోర్డు ఒక్కటి పెట్టినా ఎంతో మేలు.

జూరాలకు వచ్చి చేపలు తినకుండా పోతే ఆ ప్రయాణం ప్రయాణమే కాదు. ఆనకట్ట రోడ్డు పక్కన వరుసగా ఉన్న పాకల్లో పొద్దున పట్టిన రవ్వును, బొచ్చెను అక్కడికక్కడే ముక్కలు కోసి, ఎర్రకారం పట్టించి పెనం మీద వేయిస్తారు. జొన్నరొట్టెతో తింటూ మా వాడు "పదేండ్ల సంది గీ వాసనే యాదికొచ్చేది" అన్నాడు. అలల ముచ్చట కాసేపు పక్కకు పోయింది.

తెడ్డు చేతికిస్తే..

జూరాల దిగువన కృష్ణ పాయలుగా చీలి బండల మధ్య పారుతుంది. ఆ పాయల నడుమనే ఉంది గుర్రంగడ్డ. చుట్టూ నీళ్లు, నడుమ ఊరు. వరదొస్తే రాకపోకలు బంద్. బియ్యం కావాలన్నా, బడికి పోవాలన్నా, పురిటినొప్పులొచ్చినా నదిని దాటాల్సిందే. ఈ తీరం ఊళ్లకు పుట్టి విహారపు సాధనం కాదు, బతుకు బండి.

వెదురు బద్దలను గుండ్రంగా అల్లి, అడుగున ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి, తారు పూస్తే పుట్టి తయారు. దానికి ముందూ వెనకా లేవు, చుక్కాని లేదు. ఒక్క తెడ్డుతో నడపాలి. బండరాయికి తగిలితే పడవ పగులుతుంది గానీ పుట్టి వంగి తప్పుకుంటుంది. జానెడు లోతు నీళ్లలోనూ తేలుతుంది. గట్టుకొచ్చాక ఒక్క మనిషి నెత్తిన బోర్లించుకుని ఇంటికి మోసుకుపోవచ్చు. బండలు, మడుగులు, పాయలు కలగలిసిన ఈ నదికి ఇంతకంటే తగిన వాహనాన్ని ఏ ఇంజినీరూ గీయలేడు.

సముద్రపు అలను గెలిచినవాడికి ఇదొక లెక్కా అనుకున్నాడు మావాడు. తెడ్డు అడిగి తీసుకున్నాడు. ఎడమ పక్కన ఒక్క పోటు వేశాడో లేదో పుట్టి కుడికి తిరిగింది. కుడి పక్కన వేస్తే ఎడమకు తిరిగింది. బొంగరంలా ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటే గట్టు మీది పిల్లలు ఈలలు వేశారు. పుట్టి నడిపే పెద్దాయన కాసేపు ఊరుకుని, ఆఖరికి నోరు విప్పాడు.

"సారూ, పక్కలకు ఎయ్యొద్దు. ముంగట ఎయ్యాలె. నీళ్లను నీ దిక్కు గుంజుకోవాలె."

"ఎనుకకు తోసుడు గాదా పెద్దాయనా?"

"తోస్తె తిరుగుతది. గుంజితె నడుస్తది. తెడ్డును జూడకు, నీళ్లను జూడు. యాడ మెరుస్తుందో ఆడ బండుంది. యాడ నల్లగుందో ఆడ మడుగుంది."

మావాడి మొహంలో నవ్వు పోయి శ్రద్ధ వచ్చింది. డర్బన్‌లో తనకు సర్ఫింగ్ నేర్పినవాళ్లు మొదటి వారమంతా అలెక్కనివ్వలేదట. ఒడ్డున నిలబెట్టి నీళ్లను చదవడం నేర్పారట. అల ఎక్కడ విరుగుతోంది, నీరు ఎటు వెనక్కి పోతోంది, ఆ పోయే ప్రవాహంలో చిక్కితే ఎదురీదకుండా పక్కకు ఎలా ఈదాలి.. ఇదంతా అయ్యాకే పలక చేతికిచ్చారట. "ఈ పెద్దాయన జెప్పిందీ గదేరా. ఆడ గిది నేర్సుకునేందుకు పైసలు గడ్తం" అన్నాడు. కాసేపటికి పుట్టి నాలుగు గజాలు తిన్నగా నడిచింది. గట్టు మీది పిల్లలు ఈసారి చప్పట్లు కొట్టారు.

ఆ పిల్లల్లో ఎవరికైనా ఈత వచ్చా అని అడిగితే ఇద్దరే చేతులెత్తారు. నది ఒడ్డున పుట్టినవాళ్ల సంగతే ఇదైతే, నదికి పది మైళ్ల అవతలి ఊళ్ల సంగతేమిటి? ఆ ప్రశ్న మిగతా దారంతా మా వెంటే వచ్చింది.

మోటబావులతో పోయిన విద్య

మా తరానికి ఈత ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. ప్రతి ఊరికీ మోటబావులుండేవి. ఎండాకాలం సెలవులొస్తే నడుముకు బెండు గానీ, ఎండిన ఆనిగెపుకాయ బుర్ర గానీ కట్టి అన్నలో, చిన్నాయనలో బావిలోకి తోసేవాళ్లు. గద్దెల మీంచి దుంకేవాళ్లు, అడుగుకు మునిగి మట్టి తెచ్చేవాళ్లు, ముక్కు మూసుకుని మెట్ల మీదే కూర్చునేవాళ్లు.. ఊరి పిల్లలందరూ ఏదో ఒక మేరకు నీళ్లకు అలవాటు పడేవారు. ఆడపిల్లలకు ఆ అవకాశం అప్పుడూ తక్కువే. అది వేరే లోటు.

తొంభైలనాటికి కథ మారింది. బోర్లు పడ్డాయి, భూగర్భజలం పాతాళానికి పోయింది, బావులు ఎండాయి. కొన్ని పూడ్చారు, కొన్నింటిలో చెత్త నింపారు. పాలమూరు మనుషులు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు, కాలువలు తవ్వారు. సొంతూళ్లో మాత్రం నీళ్లు లేక ఒక తరానికి ఈత చేజారింది.

తర్వాత నీళ్లొచ్చాయి. జూరాల ఎగువ నుంచి నెట్టెంపాడు ఎత్తిపోతల గద్వాల పొలాలకు, కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరు నుంచి మహాత్మాగాంధీ కల్వకుర్తి ఎత్తిపోతల నాగర్‌కర్నూల్, వనపర్తి పొలాలకు కృష్ణను తెచ్చాయి. 2023 సెప్టెంబరు 16న పాలమూరు–రంగారెడ్డి పథకంలో తొలి మోటారు తిరిగింది. జలాశయాలు నిండాయి, ఊరి చెరువులు అలుగులు పారాయి, ఎన్నడూ నీళ్లు చూడని వాగుల్లో ఏడాదంతా చెమ్మ కనిపిస్తోంది. వలస పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చి వరి వేశారు.

సంతోషమే. కానీ నీళ్లు తిరిగొచ్చినంత తేలిగ్గా ఈత తిరిగి రాలేదు. నిలువులోతు కాలువ పక్కన, ఏటవాలు సిమెంటు గట్ల మీద, నిండిన చెరువు ఒడ్డున ఈత రాని తరం తిరుగుతోంది. సెలవు రోజున స్నానానికని దిగి, ఒకణ్ని కాపాడబోయి మరొకడు మునిగిన వార్తలు ఈ మూడు జిల్లాల పేపర్లలో ఏటా వస్తూనే ఉన్నాయి. ప్రాజెక్టు కట్టినప్పుడు ఎకరాల లెక్క వేశాం, మెగావాట్ల లెక్క వేశాం. పిల్లలకు ఈత నేర్పే పద్దు ఏ అంచనాల్లోనూ రాయలేదు.

వనపర్తికి ఆఫ్రికా బంధం

బీచుపల్లి ఆంజనేయుడికి దండం పెట్టుకుని, కృష్ణ వంతెన దాటితే వనపర్తి జిల్లా. ఆ రోజు శనివారం కావడంతో పెబ్బేరులో సంత కిటకిటలాడుతోంది. కోడెలు, గొర్లు, పగ్గాలు, పలుపులు, బేరాలు. ఆ సందు దాటడానికే గంట పట్టింది. ఈ పెబ్బేరులోనే మత్స్యశాస్త్ర కళాశాల కూడా ఉంది.

రాత్రి మకాం వనపర్తిలో. ఆఫ్రికా నుంచి వచ్చినవాణ్ని వెంటపెట్టుకుని ఈ ఊళ్లో తిరగడంలో ఓ తమాషా ఉంది. ఈ సంస్థానానికి ఆ ఖండంతో పాత బంధమే ఉంది మరి. 19వ శతాబ్దంలో వనపర్తి రాజా మొదటి రామేశ్వరరావు ఆఫ్రికా సంతతి సిద్దీలతో ఒక దళాన్ని పెంచారు. తర్వాత అది నిజాం కొలువుకు చేరింది. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే ఆ అశ్వదళం ఉన్న చోటే హైదరాబాద్‌లో నేటి ఏసీ గార్డ్స్. అదే వంశానికి చెందిన రాజా జె.రామేశ్వరరావు స్వాతంత్య్రం తర్వాత విదేశాంగ సర్వీసులో చేరి, 1950లలో నేటి ఘనా రాజధాని అక్రాలో భారత ప్రతినిధిగా పనిచేశారు. తిరిగొచ్చి 1957 నుంచి 1977 దాకా ఈ ప్రాంతం నుంచి లోక్‌సభలో ఉన్నారు. వారి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది. గద్వాల కోటలో డిగ్రీ చదివినవాళ్లకూ, వనపర్తి కోటలో డిప్లొమా చదివినవాళ్లకూ ఇదేం వింత కాదు.

డర్బన్‌తో తెలుగువాళ్ల బంధమూ పాతదే. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో కూలి ఒప్పందం మీద వెళ్లిన ఆ తొలి మనుషుల్లో, వాళ్ల వెనక వచ్చిన ఓడల్లో తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్నారు. 1931లో వాళ్ల బిడ్డలు ఆంధ్ర మహాసభను ఏర్పాటు చేసుకున్నారు. నేటికీ అది నడుస్తోంది. ఆ తెలుగువాళ్లు సముద్రం ఒడ్డునే తరాలపాటు బతికినా, నచ్చిన చోట సముద్రంలో దిగే హక్కు వాళ్లకు ఉండేది కాదు. వర్ణవివక్ష పాలనలో మంచి తీరమంతా తెల్లవాళ్లది. భారతీయులకూ, నల్లవాళ్లకూ వేరు వేరు ముక్కలు. ఆ గీత 1989లో చెరిగింది. డర్బన్‌లో పుట్టిన షాన్ టామ్సన్ 1977లోనే ప్రపంచ సర్ఫింగ్ విజేత అయ్యాడు. అదే ఊళ్లో అప్పటి భారతీయ పిల్లలు ఆ అలలను దూరం నుంచి చూసి ఊరుకోవాల్సి వచ్చింది.

"ఇప్పుడు మాతోటి అలెక్కేటోళ్లల్ల తెలుగు ఇంటిపేర్లున్న పోరగాండ్లు గూడ ఉన్నరు. తెలుగు రాదు గానీ ఉగాది పండుగ జేస్తరు" అన్నాడు మావాడు. నీళ్లలో ఆడటం కూడా ఒక హక్కేనని, అది ఎవరికి ఉంది, ఎవరికి లేదు అని చూస్తే ఒక సమాజం అర్థమవుతుందని ఆ రాత్రి మాటల్లో తేలింది.

సోమశిల: అందం కింద ఊళ్లు

ఆదివారం తెల్లారుజామున కొల్లాపూర్ బయల్దేరాం. మామిడి తోటల ఊరది. ఎండాకాలమైతే బేనిషాన్ పండ్ల వాసన ఊరి పొలిమేరలోనే ఎదురొస్తుంది. అక్కణ్నుంచి కొద్దిదూరంలో రోడ్డు కొండ దిగుతుంటే సోమశిల కనిపించింది. ఎటు చూసినా నీళ్లు, అవతల నల్లమల కొండలు, నడుమ చిన్న చిన్న దీవులు. శ్రీశైలం జలాశయం వెనక నీళ్లివి. ఎదుటి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. ఏటా నెలల తరబడి మునిగి ఎండాకాలంలో తేలే సంగమేశ్వరాలయం ఆ ఒడ్డునే ఉంది.

ఇక్కడి అందాన్ని పొగిడే ముందు దాని వెల చెప్పాలి. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. దానికోసం మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. 1981లో ఇళ్లు కూల్చి జనాన్ని తరలించారు. పాత సోమశిలా నీళ్ల కిందే ఉంది. ఇప్పుడు మనం చూసే లలితా సోమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, పైకి తెచ్చి కట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ అలాగే తరలించారు. దేవుళ్లకు కొత్త గుళ్లు దొరికాయి. మునిగిన పొలాలకు తగిన పరిహారం, పని అందలేదన్న బాధ ఈ ఒడ్డు ఊళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది.

పొలాలు పోయినవాళ్లకు చేపే దిక్కయింది. ఇక్కడ బతుకుతెరువు నీటిమట్టంతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. జలాశయం నిండినప్పుడు గుడి మెట్ల దగ్గర ఉండే రేవు, ఎండాకాలానికి బురద దాటి దూరం పోతుంది. కన్ను సన్నగా ఉండే అలివి వలలతో పిల్లచేపల్నీ ఊడ్చేస్తున్నారని స్థానిక మత్స్యకారుల మొర. ఆ వలలపై నిషేధం ఉంది. అయినా గొడవ తెగలేదు.

మేం చిన్న మరపడవ మాట్లాడుకుని అమరగిరి వైపు పోయాం. ఇంజిన్ ఆపమని మావాడు సైగ చేశాడు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. "ఈ జాగల అల అవసరమే లేదు. నిలబడి తెడ్డేసుకుంటపోయే పలకలుంటయ్. చిన్న కాయక్‌లు ఉంటయ్. నేర్సుకునేటోళ్లకు ఇసొంటి నీళ్లు మా డర్బన్‌ల దొర్కయ్. గాలి లేదు, గుంజుడు లేదు" అన్నాడు. ఎగువన గేట్లెత్తనన్నాళ్లు, గాలివాన లేనన్నాళ్లు ఆ మాట నిజం.

ఇదే నీళ్లు 2007 జనవరిలో ఏం చేశాయో ఇక్కడివాళ్లు మరవలేదు. కొల్లాపూర్ ప్రాంతంలోని మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మందికి పైగా చనిపోయారు. సోమశిల–సిద్ధేశ్వరం వంతెన కావాలన్న డిమాండ్ ఆ దుఃఖంతోనే గట్టిపడింది. 2022 అక్టోబరులో కేంద్రం రూ.1,082 కోట్లతో ఇక్కడ తీగల వంతెనకు ఆమోదం తెలిపింది. ఆ దారిన హైదరాబాద్–తిరుపతి దూరం సుమారు 80 కిలోమీటర్లు తగ్గుతుందంటున్నారు. ఎగువన, కర్ణాటక సరిహద్దులో 2020 ఆగస్టులో వరదనీట పుట్టి బోల్తాపడి నలుగురు గల్లంతయ్యారు. రెండింటి నడుమ పదమూడేళ్లు గడిచినా మనిషిని తేల్చే జాకెట్ మాత్రం మన రేవులకు అలవాటు కాలేదు.

ఆ ఆదివారం కూడా ఒకచోట పడవ ఎక్కుతున్న కుటుంబాల్లో చాలామంది జాకెట్ వేసుకోలేదు. ఉన్న నాలుగూ ఓ మూల కుప్పగా పడి ఉన్నాయి. ఫొటోలో చీర కనిపించదని ఒకరు, చెమట వాసనని ఒకరు వద్దన్నారు. మావాడు తనది కట్టుకుని, బెల్టు బిగించి, పక్కనున్న పిల్లాడికీ కట్టాడు. "ముప్పై ఏండ్ల సంది అలెక్కేటోడు గూడ కాలికి తాడు కట్టుకోకుంట దిగడు. ఈత అచ్చినోడే ఎక్కువ జాగ్రత్త పడ్తడు" అని ఆ పిల్లాడి నాన్నతో నెమ్మదిగా అన్నాడు. ఆయనా ఒకటి తీసి వేసుకున్నాడు.

డర్బన్ ఏం చేసింది?

కృష్ణలో ఆటలంటే చాలామంది ముందుగా అనేమాట: మొసళ్లున్నాయి కదా! ఉన్నాయి. జూరాల జలాశయంలో, దాని కాలువల్లో మొసళ్లు కనిపించడం, పొలాల్లోకి వచ్చినవాటిని అటవీ సిబ్బంది పట్టి వదలడం తరచూ జరిగేదే. డర్బన్‌కూ అలాంటి భయమే ఉండేది. మొసళ్ల బదులు సొరచేపలు. వాళ్లు తీరాన్ని మూసేయలేదు. 1952లో సముద్రంలో వలలు దించారు. 1964లో దానికోసం ఒక బోర్డునే ఏర్పాటు చేశారు. ఆ వలల్లో తాబేళ్లూ, డాల్ఫిన్లూ చిక్కుతున్నాయన్న విమర్శ అక్కడ బలంగానే ఉంది, కాబట్టి ఆ వలలే మనమూ తేవాలని కాదు. నేర్చుకోవాల్సింది పద్ధతి. ఎక్కడ దిగొచ్చో జెండాలు నాటారు. ఎత్తైన కుర్చీల మీద లైఫ్‌గార్డులను కూర్చోబెట్టారు. గాలి, ప్రవాహం చూసి ఏ రోజు వద్దో ఆ రోజు ఎర్రజెండా ఎగరేశారు. భయాన్ని నియమంగా మార్చారు.

మనకు దగ్గర ఉదాహరణలూ ఉన్నాయి. విశాఖ రుషికొండలో సర్ఫింగ్ నేర్పుతున్నారు. 2020లో ఆ తీరానికి అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. చెన్నై దగ్గరి కోవళంలో జాలరి పిల్లలే సర్ఫింగ్ గురువులయ్యారు. వేటకు పోయే ఇంటి కుర్రాడు నీళ్లను చదవడంలో పుట్టుకతో ముందుంటాడు. వాడికి శిక్షణ, పత్రం, జీతం ఇస్తే ఆ తీరానికి కాపలా కూడా దొరికినట్టే.

సోమశిలకు డబ్బు రాలేదని అనలేం. 2024 నవంబరులో కేంద్రం ఇక్కడి నల్లమల విహారకేంద్రానికి రూ.68.10 కోట్లు మంజూరు చేసింది. సోమశిల నుంచి శ్రీశైలానికి నల్లమల నడుమ పర్యాటకశాఖ లాంచీ నడుస్తోంది. కొండ మీద కాటేజీలున్నాయి. ఇవన్నీ రావాల్సినవే. కానీ లాంచీలో కూర్చుని చూసేవాడు నదికి ప్రేక్షకుడిగానే మిగులుతాడు. తెడ్డు పట్టినవాడికే నది తెలుస్తుంది. ఆ తెడ్డు నేర్పగల మనుషులు గుర్రంగడ్డలో, బీచుపల్లిలో, సోమశిలలో, మంచాలకట్టలో ఇప్పటికే ఉన్నారు. అంచనాల్లో వాళ్ల పేర్లే లేవు.

కాబట్టి ఖర్చు ఎక్కడ మొదలుపెట్టాలో స్పష్టమే. రేవు రేవుకూ పుట్టి నడిపే ఇద్దరు ముగ్గురికి ప్రాణరక్షణలో శిక్షణ ఇచ్చి, నెలజీతం మీద లైఫ్‌గార్డులుగా పెట్టాలి. నీటి అంచున మెత్తటి వాలున్న చోటు చూసి, తాడు కట్టి, పిల్లలకు ఈతరేవు చేయాలి. నిండిన ఊరిచెరువుల్లోనూ ఎండాకాలం అదే చేయొచ్చు. ఆడపిల్లలకు వేరే వేళ, ఆడ శిక్షకురాలు ఉండాలి. ఎగువన గేట్లెత్తితే దిగువ రేవులన్నిటికీ సైరన్ మోగాలి. జాకెట్ లేకుండా పడవ కదిలితే ఆ పడవను ఆ సీజన్‌కు ఆపేయాలి. వీటన్నిటికీ కలిపి ఒక పర్యాటక భవనానికి అయ్యేంత ఖర్చు కూడా కాదు.

వెళ్లాలనుకుంటే..

అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. హైదరాబాద్ నుంచి సోమశిలకు సుమారు 180 కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, కొల్లాపూర్ మీదుగా పోవాలి. గద్వాల వైపు నుంచి మొదలుపెట్టేవాళ్లకు కర్నూలు మార్గంలో గద్వాల రైల్వేస్టేషన్ ఉంది. శనివారం జూరాల, గద్వాల కోటలోని చెన్నకేశవాలయం, బీచుపల్లి చూసి రాత్రికి వనపర్తి చేరుకోవచ్చు. తీరికుంటే తుంగభద్ర ఒడ్డున అలంపురంలో బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలకు ఒక పూట కేటాయించండి. ఆదివారం సింగోటం నరసింహస్వామిని, కొల్లాపూర్‌ను, సోమశిలను చూడొచ్చు. శ్రీశైలం లాంచీ నీటిమట్టాన్ని బట్టే నడుస్తుంది, కాబట్టి ముందే కనుక్కోండి. గద్వాల చీర కొనాలనుకుంటే మగ్గం ఉన్న ఇంటికే పోండి. నూలు ఒంటికి పట్టు అంచును ఎలా కలుపుతారో కళ్లారా చూడొచ్చు.

నీళ్ల దగ్గర మాత్రం నాలుగు నియమాలు. ఆనకట్టల దిగువన దిగొద్దు. తెలియని మడుగులో దుంకొద్దు. మునిగేవాణ్ని కాపాడాలంటే చేయి కాదు, తాడో చీరో అందివ్వండి. పడవవాడు జాకెట్ ఇవ్వకపోతే అడగండి, లేదంటే ఎక్కొద్దు. పుట్టి ఎక్కితే బేరమాడకుండా డబ్బులిచ్చి, కాసేపు తెడ్డు నేర్పమనండి. ఇంటికి చేరాక మీ పిల్లల్ని ఈత నేర్చే చోట చేర్చండి. ఊళ్లో అలాంటి చోటు లేకపోతే వచ్చే గ్రామసభలో ఆ మాట మీరే ఎత్తండి. పాలమూరుకు నీళ్లు కొట్లాడితే వచ్చాయి. ఈత కూడా అడిగితేనే వస్తుంది.